ఎఫ్-150 ముందు భాగం ఎత్తు పెంచి 33 అంగుళాల టైర్లు వేయించే విషయమై సలహా కావాలి

ప్రశ్న (డాలస్ నుంచి)

అందరికీ నమస్కారం. మా దగ్గర 2019 ఫోర్డ్ ఎఫ్-150 ఉంది. నాలుగు తలుపుల సూపర్‌క్రూ క్యాబిన్, అయిదున్నర అడుగుల తొట్టి, ఫోర్ వీల్ డ్రైవ్, వెనక యాక్సిల్ నిష్పత్తి (చక్రం ఒక చుట్టు తిరగడానికి డ్రైవ్ షాఫ్టు తిరిగే చుట్లు) 3.55. కంపెనీ టైర్లు 275/65ఆర్18 అరుగుదల గీతల దాకా వచ్చేశాయి కాబట్టి ఎలాగూ కొత్తవి కొనాలి. ఆ చేత్తోనే ఒక మెట్టు పెద్దవి, అంటే 275/70ఆర్18 వేయిద్దామని ఆలోచిస్తున్నాను.

కారణం అందం ఒక్కటే కాదు. ఊరికి దూరంగా మాకు కొంత పొలం ఉంది. హైవే దిగాక అక్కడికి వెళ్లే మట్టి దారి అంతా నల్లరేగడి. వాన పడిందంటే ఇప్పుడున్న రోడ్డు టైర్ల గాళ్లలో బంక మట్టి నిండిపోయి, టైరు నున్నటి రోలరులా తయారవుతుంది, చక్రం తిరుగుతున్నా బండి ముందుకు కదలదు. బండిని అక్కడికి ఊరికే తీసుకెళ్లడం కాదు, తరచుగా ఒక చిన్న ట్రాక్టరును ట్రైలరు మీద పెట్టుకుని లాక్కెళ్తాను. ట్రైలరు, ట్రాక్టరు, పనిముట్లు అన్నీ కలిపి 4,500 పౌండ్ల దాకా ఉంటుంది.

టైర్ల దుకాణంలో అడిగితే, పెద్ద టైర్లు పట్టాలంటే ముందు భాగాన్ని రెండంగుళాలు లేపే లెవలింగ్ కిట్ వేయక తప్పదని, అది స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బరు కలిసిన భాగం) పైన కూర్చునే అల్యూమినియం దిమ్మె మాత్రమేనని, సగం పూటలో పని అయిపోతుందని చెప్పారు. ఎలాగూ లేపుతున్నారు గనుక ఏకంగా 35 అంగుళాల టైర్లకే వెళ్లమని ఒక మిత్రుడి సలహా. కంపెనీవారు ముందు భాగాన్ని వెనక కన్నా తక్కువ ఎత్తులో పెట్టడానికి ఏదో కారణం ఉండి తీరాలని నాకు అనిపిస్తోంది. ఆ వాలును తీసివేస్తే ట్రైలరు లాగేటప్పుడు ఏమవుతుంది? ఈ టైర్లకు నిజంగా కిట్ అవసరమా? అవసరమైతే ఏ రకం మంచిది? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

జవాబు 1 (డెట్రాయిట్ నుంచి)

నేను వృత్తిరీత్యా సస్పెన్షన్ విభాగంలోనే పనిచేస్తున్నాను కాబట్టి కొంచెం విస్తరించి చెప్తాను, ఓపికగా చదవండి. టైరు పట్టడం, బండి సమంగా నిలబడడం అనేవి రెండు వేర్వేరు విషయాలు. దుకాణంలో ఈ రెంటినీ కలిపి ఒకే సరుకుగా అమ్ముతారు. విడదీసి చూస్తే మీ నిర్ణయం చాలా తేలికవుతుంది.

ముందు టైరు లెక్క చూద్దాం. 275/65ఆర్18 అంటే వెడల్పు 275 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 18 అంగుళాలు. ఆ లెక్కన మొత్తం వ్యాసం సుమారు 815 మిల్లీమీటర్లు, అంటే 32 అంగుళాలు. 275/70ఆర్18కు అదే లెక్క వేస్తే 842 మిల్లీమీటర్లు, 33 అంగుళాల పైచిలుకు వస్తుంది. వెడల్పు మారలేదు. వ్యాసం పెరిగింది ఒక్క అంగుళం, అందులో సగం ఇరుసు కిందికీ సగం పైకీ పోతుంది కాబట్టి, నేల నుంచి బండి లేచేదీ అర అంగుళమే, మడ్‌గార్డు వైపు టైరు జరిగేదీ అర అంగుళమే. మీ తరం ఫోర్ వీల్ డ్రైవ్ ఎఫ్-150లో కంపెనీ రిమ్ములే ఉంచుకుంటే ఈ టైరు ఏ కిట్ లేకుండానే పడుతుంది. గాళ్లు మరీ మొరటుగా, భుజాలు చదరంగా ఉన్న రకమైతే స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు వెనక వైపు ప్లాస్టిక్ లైనరుకు కొద్దిగా రాసుకోవచ్చు. మడ్‌ఫ్లాపులు ఉంటే ముందుగా తగిలేవి అవే.

టైరు ఎక్కడ తగులుతుందన్నది బాగా అర్థం చేసుకోవాలి. బండి నిలబడి ఉన్నప్పుడు మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య చేయి దూరేంత ఖాళీ కనిపిస్తుంది, అందరూ దాన్నే చూస్తారు. అసలు ఇబ్బంది అక్కడ కాదు. స్టీరింగ్ పూర్తిగా ఒక వైపు తిప్పి, రివర్సులో వస్తూ, ఒక చక్రం గుంతలో దిగి స్ప్రింగు నలిగినప్పుడు టైరు వెనక అంచు తలుపు వైపున్న మూలకు వెళ్తుంది, రాపిడి అక్కడ మొదలవుతుంది. ఇది నిలబడిన ఎత్తు కన్నా రిమ్ము ఆఫ్‌సెట్‌ మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది (ఆఫ్‌సెట్ అంటే బోల్టులు బిగించే ముఖం రిమ్ము మధ్య గీతకు ఎంత ఎడంగా ఉందో చెప్పే కొలత). కంపెనీ రిమ్ము ఆఫ్‌సెట్ 44 మిల్లీమీటర్లు. దాన్ని తీసేసి, టైరు బయటికి పొడుచుకుని కనిపించాలని సున్నా ఆఫ్‌సెట్ రిమ్ము వేస్తే, టైరు తిరిగే వృత్తం బయటికి పెరిగి, 33 అంగుళాల టైరు కూడా తగలడం మొదలుపెడుతుంది. అప్పుడు రెండంగుళాలు లేపినా ఆ మూల రాపిడి పూర్తిగా పోదు.

ఇక కిట్ సంగతి. మీ బండి ముందు సస్పెన్షన్‌లో పైన ఒక ఆర్ము, కింద ఒక ఆర్ము, వాటి మధ్య స్ప్రింగు చుట్టుకుని ఉన్న స్ట్రట్ ఉంటాయి. స్ట్రట్ కింది కొస చక్రం దగ్గర కాకుండా కింది ఆర్ము మధ్య ప్రాంతంలో బిగించి ఉంటుంది. అందువల్ల అక్కడ ఒక అంగుళం మార్పు చేస్తే చక్రం దగ్గరకు వచ్చేసరికి దాదాపు రెండంగుళాలు అవుతుంది. రెండంగుళాల కిట్ అని అమ్మే దిమ్మె మందం సుమారు అంగుళమే ఉండడానికి కారణం అదే.

స్ట్రట్ పైన దిమ్మె పెట్టడమంటే స్ప్రింగు గట్టిపడడం కాదు, షాక్ అబ్జార్బరు పొడుగు పెరగడం కాదు. మొత్తం స్ట్రట్‌ను అలాగే ఉంచి దాన్ని కిందికి నెట్టడం మాత్రమే. దీనివల్ల రోడ్డు మీద మెత్తదనం మారదు, అది దీనిలోని మేలు. కీడు ఎక్కడంటే, చక్రం గాలిలో వేలాడినప్పుడు కంపెనీవారు అనుమతించిన దాని కన్నా ఇంకా కిందికి దిగిపోతుంది. అప్పుడు పై బాల్ జాయింట్ (ఆర్మును చక్రం వైపు భాగానికి కలిపే గుండు కీలు) దాని హద్దు దాకా వంగుతుంది, ముందు చక్రాలకు శక్తిని చేరవేసే సీవీ యాక్సిళ్లు మరింత ఏటవాలుగా పని చేయవలసి వస్తుంది, వాటి రబ్బరు తొడుగుల మడతలు ఒకదానికొకటి రాసుకుని చిరుగుతాయి. తొడుగు చిరిగి గ్రీజు కారిపోయి మట్టి లోపలికి పోయిందంటే ఆ జాయింట్ ఎక్కువ కాలం నిలవదు. మీది నల్లరేగడి దారి కాబట్టి ఇది మీకు ఊహాజనితమైన భయం కాదు.

రెండో రకంలో దిమ్మె స్ప్రింగు మీద, స్ట్రట్ లోపల పడుతుంది, లేదా బిల్‌స్టీన్ 5100 వంటి షాకుల్లో స్ప్రింగు కూర్చునే పళ్లేన్ని పై గాడిలోకి మారుస్తారు. షాక్ పూర్తి పొడుగు మారదు కాబట్టి బాల్ జాయింట్లకు, యాక్సిళ్లకు హద్దు దాటే ప్రమాదం ఉండదు. కానీ బండి నిలబడినప్పుడే షాకు సగానికి పైగా చాచుకుని ఉంటుంది గనుక, కిందికి దిగడానికి మిగిలే జాగా తక్కువ. స్పీడ్ బ్రేకరు దిగేటప్పుడు ముందు నుంచి టక్కుమని శబ్దం రావడం ఇందువల్లే. నా అభిప్రాయంలో అంగుళం, అంగుళంన్నర వరకు ఈ రెండో పద్ధతి మేలు. రెండంగుళాలు దాటితే పై ఆర్ములు కూడా మార్చాలి, లేకపోతే మొదలుపెట్టవద్దు.

35 అంగుళాల టైర్ల గురించి సూటిగా చెప్తాను: ట్రైలరు లాగే మీకు వద్దు. వ్యాసం తొమ్మిది శాతం పెరిగితే మీ 3.55 యాక్సిల్ 3.25 లాగా పనిచేస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు గేరు కిందికి పడుతూ ఉంటుంది, బ్రేకుల మీద భారం పెరుగుతుంది. 33 అంగుళాలకైతే అది 3.43 దగ్గర ఆగుతుంది, మీరు గమనించేంత తేడా రాదు.

ఏ నిర్ణయమైనా కొలతల తరవాతే. చదునైన కాంక్రీటు మీద బండి నిలిపి నాలుగు చక్రాల దగ్గర మడ్‌గార్డు అంచు ఎత్తు కొలవండి. ముందు, వెనక మడ్‌గార్డుల కోత బాడీలో ఒకే ఎత్తులో ఉండాలని లేదు కాబట్టి తలుపుల కింది అంచును కూడా రెండు చివర్లా నేల నుంచి కొలవండి, అసలైన వాలు అందులో తెలుస్తుంది. ఆ తరవాత ట్రాక్టరుతో సహా ట్రైలరు తగిలించి మళ్లీ అవే కొలతలు తీయండి.

జవాబు 2 (షార్లెట్ నుంచి)

డెట్రాయిట్ అన్నగారు సస్పెన్షన్ వైపు నుంచి చెప్పినదాన్ని నేను ట్రైలరు వైపు నుంచి కొనసాగిస్తాను. మాకు పడవ ఉంది, సరస్సు దగ్గరికి ఇలాంటి బండితోనే లాక్కెళ్తాం.

వెనక భాగం ఎత్తుగా ఉండడం బరువు కోసమే. ట్రైలరు మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం హిచ్ (బండి వెనక ట్రైలరు తగిలించే అమరిక) మీద పడాలి. అంతకు తక్కువైతే ట్రైలరు రోడ్డు మీద అటూ ఇటూ ఊగుతుంది. మీ 4,500 పౌండ్లకు అది 450 నుంచి 675 పౌండ్లు. ఆ బరువు వెనక చక్రాల మీద కాదు, వాటికి నాలుగైదు అడుగుల వెనక పడుతుంది. అందుకే వెనక కమాను కట్టలు (లీఫ్ స్ప్రింగులు) కిందికి నలగడమే కాకుండా ముందు చక్రాల మీద ఉన్న బరువు కొంత తేలిపోతుంది. ఖాళీగా ఉన్నప్పుడు ముందుకు వాలి ఉన్న బండి అప్పుడు సమంగా నిలబడుతుంది. ఖాళీగా ఉన్నప్పుడే సమం చేసేస్తే, ట్రైలరు తగిలించగానే ముక్కు పైకి లేస్తుంది. స్టీరింగ్ తేలికైపోయి, తడి రోడ్డు మీద మలుపులో చక్రం పట్టు తగ్గినట్టు చేతికి తెలుస్తుంది.

హెడ్‌లైట్ల సంగతి ఎవరూ ముందుగా చెప్పరు, కానీ నాకు అదే అన్నింటికన్నా ముఖ్యం. మీ బండి ముందు వెనక చక్రాల మధ్య దూరం 145 అంగుళాలు. ముందు భాగం రెండంగుళాలు లేపితే, నూరడుగుల దూరంలో కాంతి గీత పదహారు అంగుళాలకు పైగా లేస్తుంది, లైటు స్వయంగా లేచిన రెండంగుళాలు దానికి అదనం. ఎదురుగా చిన్న కారులో వచ్చేవారి కళ్లలోకి సరిగ్గా అదే పోతుంది. కిట్ వేయించిన రోజే గోడకు పాతిక అడుగుల దూరంలో బండి నిలిపి, లైటు మధ్యభాగం ఎత్తును గోడ మీద టేపుతో గుర్తుపెట్టి, కాంతి పై అంచు ఆ గుర్తు కన్నా రెండంగుళాలు కిందికి ఉండేటట్టు స్క్రూ తిప్పి సరిచేయాలి. అయినా ట్రైలరు తగిలించిన రాత్రి మళ్లీ లేస్తుంది. ఒకే అమరిక రెండు స్థితులకూ సరిపోదు, అందుకే ముందు నుంచీ తక్కువ లేపడం మంచిదని నేను అంటాను.

మా రాష్ట్రంలో వెనక భాగం దించి ముక్కు ఆకాశానికి లేపే పద్ధతి యువకుల్లో బాగా ప్రబలింది. దాని వల్ల డ్రైవరుకు ముందున్న రోడ్డు కనిపించదు. సస్పెన్షన్ మార్చి ముందు మడ్‌గార్డును వెనక దాని కన్నా నాలుగు అంగుళాలో అంతకు ఎక్కువో ఎత్తులో పెట్టడాన్ని నార్త్ కరోలినా 2021 డిసెంబరు నుంచి నిషేధించింది. మీ రెండంగుళాల కిట్ ఆ లెక్కలోకి రాదు. అయితే ముక్కు ఎత్తిన బండిని చట్టం ఎందుకు పట్టించుకుంటుందో తెలుసుకోవడం అవసరమని చెప్తున్నాను.

వెనక్కి గాలి బ్యాగులు వేస్తే సరిపోతుందని కొందరు చెప్తారు. వెనక ఎత్తును అవి నిజంగానే నిలబెడతాయి. కానీ డ్రైవరు తలుపు చట్రం మీద స్టిక్కరులో రాసి ఉన్న పేలోడ్ (బండి మోయగల బరువు) అంకెను అవి ఒక్క పౌండు కూడా పెంచవు, ముందు చక్రాల మీద నుంచి తేలిపోయిన బరువును తిరిగి తేలేవు. ఆ పని చేసేది వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్. మీ హిచ్ మీద అతికించిన స్టిక్కరులో, ఆ పరికరం ఉన్నప్పుడు ఎంత, లేనప్పుడు ఎంత అని రెండు వేర్వేరు హద్దులు ఉంటాయి. టైర్ల కన్నా ముందు అది చదవండి.

అడిగినవారు (డాలస్)

ఇద్దరికీ ధన్యవాదాలు. చెప్పినట్టే కొలిచాను. ఖాళీ బండికి నేల నుంచి ముందు మడ్‌గార్డు అంచు 36¼ అంగుళాలు, వెనకది 38. ఎడమ కుడి వైపుల మధ్య తేడా పావు అంగుళం లోపే. తలుపుల కింది అంచుకు రెండు చివర్ల మధ్య తేడా అంగుళం, దాన్ని చక్రాల మధ్య దూరానికి సాగదీసి లెక్కిస్తే అంగుళంన్నర పైచిలుకు అవుతుంది.

ట్రాక్టరును ట్రైలరు మీద ఎప్పుడూ పెట్టే చోటే పెట్టి తగిలించాక వెనక 36½కు దిగింది, ముందు 36½కు లేచింది. అంటే బరువుతో ఉన్నప్పుడు మడ్‌గార్డులు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయి. దుకాణంవారు చెప్పిన కిట్ వేయించి ఉంటే ముందు భాగం వెనక కన్నా రెండంగుళాలు ఎత్తుకు పోయేదన్నమాట.

ఇప్పుడు నా ఆలోచన లేపకుండానే 275/70ఆర్18 వేయించడం, లేదా మహా అయితే ఒక అంగుళం లేపడం. దీని మీద మీ అభిప్రాయం చెప్పండి. టైర్లలో ఎల్‌టీ (లైట్ ట్రక్కు) రకం, మామూలు రకం రెండూ చూపిస్తున్నారు, వాటి మధ్య ఏది ఎంచుకోవాలో కూడా తేలడం లేదు.

జవాబు 3 (డెన్వర్ నుంచి)

మీ కొలతలు చూశాక నేనైతే లేపను. ముందు టైర్లు వేయించండి, ఖాళీ స్థలంలో స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి ముందుకూ వెనక్కూ నడపండి, ఒక ముందు చక్రాన్ని ఫుట్‌పాత్ అంచు మీదికి ఎక్కించి మళ్లీ తిప్పి చూడండి. లైనరు మీద మెరిసే గీత పడితే తగులుతున్నట్టు. అది ప్లాస్టిక్ మాత్రమే అయితే లైనరును కొద్దిగా వెనక్కి లాగి క్లిప్పుతో కట్టేయడంతో తీరిపోతుంది. టైర్ల కోసం బండిని లేపవలసిన పని నిజంగా ఉందో లేదో ఈ పరీక్షతో తేలిపోతుంది, దీనికి ఖర్చు కూడా లేదు.

ఒకవేళ తరవాత అంగుళం లేపాలనిపించి సొంతంగా ఇంటి గ్యారేజీలో చేస్తే, స్ట్రట్ పై భాగంలో చుట్టూ మూడు నట్లు, మధ్యలో ఒక పెద్ద నట్టు కనిపిస్తాయి. చుట్టూ ఉన్న మూడింటినే విప్పాలి. మధ్య నట్టు స్ప్రింగును నొక్కి పట్టుకుని ఉంటుంది. స్ప్రింగు కంప్రెసరు బిగించకుండా దాన్ని విప్పితే స్ప్రింగు ఎగిరి మనిషి ప్రాణం మీదికి వస్తుంది. స్ప్రింగు మీద దిమ్మె పెట్టే రకానికి ఆ నట్టు విప్పక తప్పదు కాబట్టి ఆ పనిని షాపులోనే చేయించండి. బాల్ జాయింట్ ఊడదీశాక చక్రం బిగించే లోహపు భాగాన్ని (నకిల్) బ్రేకు గొట్టం మీద, ఏబీఎస్ తీగ మీద వేలాడనీయకూడదు, తీగతో గానీ పట్టీతో గానీ పైకి కట్టి ఉంచాలి, బయటికి మరీ వాలనిస్తే యాక్సిల్ లోపలి జాయింట్ ఊడివస్తుంది.

కింది ఆర్ముల బోల్టులను చక్రం వేలాడుతుండగా పూర్తిగా బిగించవద్దు. లోపలి రబ్బరు బుష్ ఆ స్థితిలోనే పట్టుకుపోయి, బండి కిందికి దిగాక నిరంతరం మెలిపడి ఉండి, కొద్ది కాలానికే చీలిపోతుంది. బండి బరువు చక్రాల మీద పడ్డాక చివరి బిగింపు ఇవ్వాలి. ఎత్తు ఏమాత్రం మారినా వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. ముందు భాగం లేస్తే క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలు) ధన వైపు జరుగుతుంది, అంటే చక్రం పై భాగం బయటికి వాలుతుంది, టో (పై నుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండడం) కూడా మారుతుంది, పట్టించుకోకపోతే కొత్త టైర్ల అంచులు అరిగిపోతాయి.

ఎల్‌టీ రకం విషయంలో నా మాట ఇది. మీ కంపెనీ టైరు లోడ్ ఇండెక్స్ 116 అయితే ఒక్కో టైరు 1,250 కిలోల దాకా మోస్తుంది, ఎల్‌టీ 275/70ఆర్18లో 'E' లోడ్ రేంజి (ఎక్కువ బరువు మోసే తరగతి) టైరుకు అది 125, అంటే 1,650 కిలోలు. పక్క గోడ మందం, రాయి గుచ్చుకున్నా తట్టుకుంటుంది. బదులుగా ఒక్కో టైరు పది పదిహేను పౌండ్లు ఎక్కువ బరువు తూగుతుంది, బండి లేవడంలో, ఆగడంలో ఆ తేడా తెలుస్తుంది. ఎల్‌టీ టైరు అదే బరువు మోయడానికి మామూలు టైరు కన్నా ఎక్కువ గాలి కోరుతుంది కాబట్టి తలుపు స్టిక్కరులోని పీఎస్ఐ అంకెను అలాగే వాడకూడదు, టైరు కంపెనీవారి లోడు పట్టిక చూసి పెంచుకోవాలి. మా వైపు కొండ దారుల్లో పదునైన రాళ్లు ఉంటాయి కాబట్టి నేను ఎల్‌టీయే వాడతాను. మీది బంక మట్టి. మీకు గోడ మందం కన్నా గాళ్ల లోతు, వాటి మధ్య ఎడం, మట్టిని విసిరేసే ఆకారం ముఖ్యం. ట్రైలరు కూడా ఉంది కాబట్టి ఎల్‌టీలో తక్కువ బరువున్న 'C' రేంజి ఈ సైజులో దొరికితే అది చూడండి, దొరక్కపోతే 'E' రేంజి తప్పేమీ కాదు.

జవాబు 4 (తిరుపతి నుంచి)

అయ్యా, మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి, విషయం ఒకటే కాబట్టి అడుగుతున్నాను. మా దగ్గర శ్రీసిటీలోనే తయారయ్యే ఇసుజు డీమాక్స్ వీ-క్రాస్ ఉంది. ముందు రెండు ఆర్ములు, చుట్ట స్ప్రింగు, వెనక కమాను కట్టలు, అంటే అమరిక ఇంచుమించు మీరు చెప్పినదే. కంపెనీ టైరు 255/60ఆర్18. మామిడి తోటకు వెళ్లి వస్తూ కాయల సీజనులో తొట్టి నిండా డబ్బాలు వేస్తాం. ఇక్కడ కొందరు ముందు భాగం లేపి పెద్ద టైర్లు వేస్తున్నారు. పై జవాబులు చదివాక బరువు మోసే బండికి ఆ వాలు ఎందుకో అర్థమైంది, లేపే ఆలోచన మానుకున్నాను. టైరు మాత్రం ఒక మెట్టు పెంచవచ్చునా?

జవాబు 5 (డెట్రాయిట్ నుంచి)

తిరుపతి వారికి ముందుగా చెప్తాను. 255/60ఆర్18 వ్యాసం 763 మిల్లీమీటర్లు, 265/60ఆర్18 అయితే 775. తేడా ఒకటిన్నర శాతం, నేల నుంచి ఆరు మిల్లీమీటర్లు లేస్తుంది. టొయోటా హైలక్స్‌కు వచ్చే సైజు ఇదే కాబట్టి మంచి రకాలు సులభంగా దొరుకుతాయి. లోడ్ ఇండెక్స్ మాత్రం కంపెనీ టైరు కన్నా తగ్గకూడదు. అంతకు మించిన మార్పులకు భారతదేశంలో చట్టం అడ్డు వస్తుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకూ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటనే గట్టిగా చెప్పింది. టైరు మార్చే ముందు ఆర్టీవో కార్యాలయంలో అడిగి, బీమా కంపెనీకి లిఖితపూర్వకంగా తెలియజేసి జవాబు తీసుకుని ఉంచుకోండి. ప్రమాదం జరిగాక ఆ కాగితం విలువ తెలుస్తుంది.

డాలస్ వారూ, మీ కొలతలతో విషయం తేలిపోయింది. లేపకండి. మీ బండికి ఉన్న వాలు సరిగ్గా మీ ట్రాక్టరు బరువుకు సరిపోయింది. అంగుళం లేపితే ట్రైలరుతో ముక్కు అంగుళం పైకి ఉంటుంది. డిస్ట్రిబ్యూషన్ హిచ్ వాడేవారికి అది సర్దుబాటు అవుతుంది. అది లేకుండా లాగేవారికి నేను ఆ సలహా ఇవ్వను.

లేపకపోయినా టైరు వ్యాసం మారింది కాబట్టి రెండు పనులు మిగులుతాయి. చక్రం చుట్టుకొలత మూడు పాయింట్ నాలుగు శాతం పెరుగుతుంది. స్పీడోమీటరు 70 మైళ్లు చూపిస్తున్నప్పుడు నిజ వేగం 72 దాటుతుంది. ఓడోమీటరు కూడా అంతే మేర తక్కువ లెక్కిస్తుంది గనుక, టైర్లు మార్చగానే మైలేజీ పడిపోయిందని చాలామంది చేసే ఫిర్యాదులో కొంత భాగం ఈ లెక్క తేడాయే. ఫోర్‌స్కాన్ సాఫ్ట్‌వేరు, బండి కంప్యూటరుకు తగిలించే ఒక ఓబీడీ అడాప్టరు ఉంటే బండి కంప్యూటరులో టైరు చుట్టుకొలతను మార్చవచ్చు. అక్కడ టైరు వ్యాసాన్ని 'పై' (3.14) తో గుణించి వచ్చిన అంకె వేయకండి. బరువు కింద టైరు కొంత నలిగి ఉంటుంది కాబట్టి కంపెనీవారు వేసిన అంకె ఆ లెక్క కన్నా తక్కువే ఉంటుంది. ఆ అంకెను ముందు ఒక కాగితం మీద రాసిపెట్టుకుని, దానికే మూడు పాయింట్ నాలుగు శాతం కలిపి వేయండి, ఆపైన ఫోనులోని జీపీఎస్ వేగంతో పోల్చి చూడండి. ఆ పని చేతకాకపోతే టైర్లు వేసే చోటో డీలరు దగ్గరో చేయిస్తారు.

రెండోది స్టెప్నీ. తొట్టి కింద వేలాడే అయిదో చక్రం పాత సైజుదే ఉంటుంది. ఒకే యాక్సిల్ మీద రెండు వ్యాసాల టైర్లు తిరిగితే డిఫరెన్షియల్ (ఎడమ కుడి చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) లోపలి పళ్లు నిరంతరం పనిచేస్తూ వేడెక్కుతాయి. ఫోర్ వీల్‌లో బురదలో ఉన్నప్పుడు అది మరింత చెడుపు. వీలైతే అయిదు టైర్లు కొనండి, కొనే ముందు 33 అంగుళాల టైరు ఆ జాగాలో పైకి పూర్తిగా ఎక్కి ఎగ్జాస్టు గొట్టానికి ఎడంగా నిలుస్తుందో లేదో దుకాణంలోనే ఎక్కించి చూడమనండి. నాలుగే కొంటే స్టెప్నీ వేసిన రోజున టూ వీల్‌లోనే, స్టెప్నీని ముందు చక్రం చోటికి మార్చుకుని, నిదానంగా టైరు దుకాణం దాకా మాత్రమే నడపండి.

చక్రాల నట్లు మీ బండికి 150 పౌండ్-అడుగుల బిగింపు కోరతాయి. దుకాణంలో గాలి తుపాకీతో బిగించి వదిలేయకుండా టార్క్ పానాతో చూడమని అడగండి, నూరు మైళ్లు నడిచాక ఒకసారి మళ్లీ సరిచూసుకోండి.